సంతలో చెప్పిన షూటింగ్ కబురు

ఫోను మోగితే సంపూర్ణ ముందు కూర్చునేది. ఆ తర్వాతే ఎత్తేది. నిలబడి చెడ్డ కబురు వింటే కళ్ళు తిరిగి పడి తల పగులుతుందని ఆమె భయం. ఇన్నేళ్ళలో ఆ ఫోనులో వచ్చిన కబుర్లు గ్యాసు బండ వచ్చిందనో, చెల్లెలి మనవరాలికి పళ్ళు మొలిచాయనో తప్ప వేరే ఏమీ లేవు. అయినా కూర్చునేది.

అలాంటి మనిషి కడుపున సుకుమార్ పుట్టాడు. డిగ్రీ అయ్యాక సారపాకలో తండ్రి ఆరోగ్యం గారు పనిచేసే కాగితం మిల్లులోనే కాంట్రాక్టు పనిలో కుదిరాడు. కుదిరినవాడు కుదురుగా ఉండక ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని, "అమ్మా, నేను సినిమా తీస్తున్న" అన్నాడు. ఆ వేళకు సంపూర్ణ కూర్చునే ఉంది కాబట్టి సరిపోయింది.

ఆమెకు పట్టుకున్న భయాలు రెండు రకాలు. మొదటి రకంలో తేళ్ళు, కరెంటు వైర్లు, వాగులు, అడవిలో తిరిగే తుపాకులు ఉండేవి. రెండో రకంలో ఉన్నది సంఘం ఒక్కటే. వాళ్ళ ప్రార్థన మందిరంలో పాస్టరు గారు పాపాల పేర్లు చదివినప్పుడల్లా సారా తర్వాత, జూదానికి ముందు సినిమా వచ్చేది. ఎన్నో ఆదివారాలు ముందు చాప మీద కూర్చుని, ఆ మాట వచ్చినప్పుడు అందరికంటే ముందు తలూపింది సంపూర్ణే. ఇప్పుడు ఆ తలే ఎట్లా ఎత్తుకోవాలి?

అందుకని సినిమా అన్న మాట నోట రానివ్వకుండా బతకడం నేర్చుకుంది. "సుకుమార్ కనిపించట్లేదేంది వదినా?" అని ఎవరైనా అడిగితే, "షూటింగ్ పని మీద పోయిండు" అనేది. షూటింగ్ పెళ్ళిది కావచ్చు, బాప్తిస్మానిది కావచ్చు, సువార్త సభది కావచ్చు. అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు. ఆ సందులో ఆమె కాలక్షేపం చేస్తూ వచ్చింది.

కెమెరా క్రిస్టోఫర్‌ది. అతనూ వాళ్ళ సంఘం పిల్లవాడే. కల్లూరు నుంచి వచ్చి సారపాకలో ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో వాళ్ళలో పెళ్ళిళ్ళుండవు గనుక కెమెరా ఊరికే బీరువాలో పడి ఉంటుంది. ఆ సంగతి కనిపెట్టింది సుకుమార్. వెళ్ళి అడిగింది సంపూర్ణ. "షూటింగ్ ఉంది బాబూ" అంది. క్రిస్టోఫర్ ఎవరిదని అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఆ విధంగా, ఇంట్లో మాంసం మానేసిన శ్రమదినాల్లోనే సినిమా మొదలైంది. అది తలుచుకుని సంపూర్ణ ఎన్నిసార్లు లెంపలేసుకుందో!

సినిమా అంటే పెద్ద లైట్లు, వ్యానులు కావు. సుకుమార్ స్నేహితులు కొందరు, ఒక ట్రాలీ ఆటో, క్యాసెట్లతో నడిచే ఆ కెమెరా, అట్టముక్కకు వెండి కాగితం అంటించిన రిఫ్లెక్టరు, వెదురుకర్ర చివర కట్టిన మైకు. మేకప్పుకు సంపూర్ణ పౌడరు డబ్బా. కథానాయిక వాళ్ళ పక్కింటి ఆరాధన, నర్సు ట్రైనింగ్ చదివే పిల్ల. అడవిపల్లెలో పుట్టి, ఆ ఊరి నుంచి మొదటిసారి నర్సు చదువుకు పోయే ఆడపిల్ల కథ అది. వంట సంపూర్ణది.

ఆ మైకు మంచిది కావడమే చిక్కు తెచ్చింది. ఎంత దూరాన పొయ్యి పెట్టినా ఆమె గొంతు పట్టేసేది. ఆరాధన వాగు గట్టున నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే వెనకనుంచి, "యేసయ్యా, పిల్ల కాలు జారుతది, ఎవరన్న పట్టుకోండ్రయ్యా!" అని వినబడేది.

"కట్!" అని సుకుమార్ నెత్తి పట్టుకునేవాడు. "అమ్మా, ఆమె నటిస్తుందే!"

"నటిస్తే జారదా?"

"నీ భయం నీ కాడ ఉంచుకోవే. మావోళ్ళకు గూడ అంటుకుంటుంది. నిన్న కెమెరా పట్టుకున్నోడు చెట్టెక్కనంటుండు, ఆంటీ వద్దన్నదంట."

వద్దన్న మాట నిజమే. ఆ కొమ్మను చూస్తే ఎవరికైనా వద్దనాలనిపిస్తుంది.

ఈస్టరు వెళ్ళింది. పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. శనివారం పెళ్ళికి కెమెరా కావాలని, శుక్రవారం సాయంత్రం ఎక్కడుంటే అక్కడికి తనే వచ్చి తీసుకుపోతానని క్రిస్టోఫర్ చెప్పాడు. అప్పటికి సినిమాలో ఒక్క సీను మిగిలింది. చదువుకు పోయే పిల్లను ఊరు ఊరంతా రోడ్డు దాకా సాగనంపే సీను. అది లేకపోతే అంతకు ముందు తీసిందంతా వృథా. పిల్ల ఇంట్లోంచి బయలుదేరుతుంది, ఆ తర్వాత ఏమీ లేదు. మళ్ళీ కెమెరా దొరకాలంటే వచ్చే శ్రమదినాలు రావాలి. అప్పటికి ఆరాధన చదువయ్యి ఏ ఊళ్ళో ఉంటుందో, స్నేహితులు ఏ పనుల్లో ఉంటారో ఎవరికి తెలుసు?

ఆ సీనుకు ఇప్పలగుంపు అనే కోయపల్లె చూసి పెట్టుకున్నాడు సుకుమార్. రోడ్డు దిగి అడవిలోకి కాస్త లోపలికి పోతే వస్తుంది. ఊరివాళ్ళతో మాట్లాడే పని తల్లికి అప్పజెప్పాడు. ఎందుకంటే ఆ ఊరి దుర్గ దగ్గర సంపూర్ణ ఏటా చింతపండు కొంటుంది. సంతలో దుర్గ ఎక్కడ కూర్చుంటుందో ఆమెకు తెలుసు.

గురువారం సంతలో దుర్గను పట్టుకుంది. సరిగ్గా అప్పుడే పక్కన చేపల బుట్ట ముందు సంఘం ఆడవాళ్ళిద్దరు బేరమాడుతున్నారు. సంపూర్ణ గొంతు తగ్గించి, దుర్గ చెవి దగ్గరికి వంగింది.

"దుర్గా, రేపు పొద్దున మీ ఊళ్ళ షూటింగ్ ఉంది. మావోళ్ళు వస్తరు. ఊళ్ళందరికి చెప్పు."

దుర్గ చేతిలో తక్కెడ ఆగిపోయింది. "మా ఊళ్ళనా? ఎందుకక్కా?"

"ఎందుకంటే ఏం చెప్తనమ్మా, అదంతే. నువ్వు మాత్రం చంటిపిల్లల్ని బయట తిరగనియ్యకు. గొడ్లను కట్టేసుకోండ్రి. అడ్డం ఎవ్వరు ఉరకొద్దు, ఎక్కడోళ్ళు అక్కడ నిలబడాలె. ఏమన్న అయితే మళ్ళ నాకు పాపం."

వైర్లు కాళ్ళకు తగులుతాయని, ఆవు బెదిరి కెమెరాను పొడుస్తుందని ఆమె బెంగ. జాగ్రత్తలన్నీ చెప్పానన్న తృప్తితో ఇంటికొచ్చి, మర్నాటి వంటకు బియ్యం ఏరుకుంది. దుర్గ చింతపండు మొత్తం అమ్మకుండానే బుట్ట నెత్తికెత్తుకుని పోయిందన్న సంగతి ఆమె చూడలేదు.

శుక్రవారం పొద్దున ట్రాలీ ఆటో ఇప్పలగుంపులో ఆగేసరికి ఊళ్ళో మనిషి లేడు. తలుపులకు తాళ్ళు కట్టి ఉన్నాయి. పొయ్యిల్లో బూడిద చల్లగా ఉంది. గొడ్లు మాత్రం ఆమె చెప్పినట్టే కట్టేసి ఉన్నాయి. ఒక ఇంటి అరుగు మీద ముసలాయన ఒక్కడే కూర్చుని ఈతాకు చీలుస్తున్నాడు. పేరు పగిడయ్య. మోకాలు వాచి ఉంది.

"తాతా, ఊరోళ్ళంతా ఏడ వోయిన్రు?" అనడిగాడు సుకుమార్.

ముసలాయన కెమెరా సంచీని, వెదురుకర్రను, కుర్రాళ్ళను మార్చి మార్చి చూశాడు. "కాల్చేటోళ్ళు మీరేనా?"

"కాల్చుడేంది తాతా?"

"షూటింగ్ అన్నరంట గదా. మిల్లు కాడి కళ్ళద్దాలామె సంతల దుర్గకు చెప్పిందంట. పిల్లల్ని బయటికి రానియ్యొద్దు, ఉరికితే పాపం నాది గాదు అన్నదంట. మంచి మనిషి, ముందుగాల చెప్పి పుణ్యం గట్టుకుంది. అందరు వోయిన్రు. నాకు కాలు సాగక ఉన్న."

ట్రాలీ మీద నుంచి అన్నం గిన్నె దింపుతున్న సంపూర్ణ కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. అందరూ ఆమె వైపే చూశారు. ఒకడు నవ్వబోయి, పక్కవాళ్ళెవరూ నవ్వకపోవడంతో మానుకున్నాడు.

సుకుమార్ అరవలేదు. అరిస్తే బాగుండేది. "సినిమా అని అంటే నోరు కాలుతదా అమ్మా?" అన్నాడంతే. అని, కెమెరా సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆటో అంచు మీద కూలబడ్డాడు. వాడి పెదవి వణకడం చిన్నప్పుడెప్పుడో చూసింది, మళ్ళీ ఇప్పుడు చూసింది.

సంపూర్ణ గిన్నె కింద పెట్టింది. కొంగు బిగించింది. "తాతా, వాళ్ళున్న కాడికి నన్ను తోల్కపో."

"నువ్వా? అడవిలకా?" అన్నాడు సుకుమార్.

"నేను కాకపోతే ఎవరు వోతరు? నిన్ను చూస్తే వాళ్ళు ఇంకా లోపలికి పోతరు. నువ్వు నీడకు కూసో. ఆ రాయి మీద కూసోకు, కింద తేళ్ళుంటయి."

పగిడయ్య కర్ర ఊతంతో కుంటుకుంటూ ముందు నడిచాడు. వెనక సంపూర్ణ. ఎండాకుల మీద అడుగు వేసినప్పుడల్లా పామేనని ఆగేది. చెట్టు మొద్దును ఎలుగుబంటి అనుకుని ఒకసారి ముసలాయన చొక్కా పట్టుకుంది. ఆయన చొక్కా విడిపించుకుని, "నీకే ఇంత భయమైతే అందరికి ఎట్ల పంచిపెట్టినవమ్మా!" అన్నాడు.

వాగు కనిపించేచోట ఆయన ఆగాడు. నీళ్ళు ఎండిన ఇసుక, అవతల గుబురుగా పొదలు. "ఆడున్నరు. పిలువు."

సంపూర్ణ గొంతు సవరించుకుంది. "దుర్గా! భయపడకండ్రమ్మా! ఏం కాదు, బయటికి రాండ్రి!"

పొదల్లో చప్పుడు లేదు.

"గట్ల అనకు," అన్నాడు పగిడయ్య మెల్లగా. "తుపాకులతోని వచ్చేటోళ్ళంతా గదే మాట అంటరు."

ఆ మాట సంపూర్ణకు తెలిసిందే. భయపడొద్దని ఎన్నిసార్లు కొడుకు తనకు చెప్పాడు? మొగుడు ఆరోగ్యం ఎన్నిసార్లు చెప్పాడు? ఏనాడైనా తను నమ్మిందా? ఆమె ఇసుకలోకి దిగింది. ఎండకు ఇసుక కాలుతోంది. చెప్పు ఒకటి ఊడిపోయింది. అక్కడే నిలబడి, దేవుడు వింటాడని తెలిసీ, సంఘమంతా వింటున్నట్టే ఉన్నా, కేక పెట్టింది.

"సినిమా, దుర్గా! సినిమా షూటింగ్! మా పిల్లగాడు సినిమా తీస్తుండు! తుపాకులు లేవు, ఏం లేవు! నాకు సిగ్గై ఆ మాట చెప్పలే! అమ్మా, ఈ ఇసుకల పాములుంటయేమో, నేను ఇంక నడవలేను, నువ్వన్న రా!"

పొదల వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. తర్వాత కోయమాటల్లో గుసగుసలు. ఆకులు కదిలాయి. దుర్గ బయటికొచ్చింది. చంకలో పసిపిల్ల, జుట్టు నిండా ఇసుక. నవ్వింది ఆమె కాదు. ఆమె మొహంలో నవ్వు లేదు.

"సినిమానా?" అంది.

"అవ్."

"సినిమా అయితే పిల్లల్ని ఇండ్లల్ల పెట్టమంటివి? ఉరకొద్దంటివి?"

"వైర్లు కాళ్ళకు తగులుతయని చెప్పిన తల్లీ."

"వైర్లా!" దుర్గ దగ్గరికొచ్చింది. "రాత్రంత ఈ ఇసుకల పండుకున్నం అక్కా. కుక్క మొరిగినప్పుడల్ల దీని నోరు మూసి పట్టుకున్న, ఏడుస్తదని. ఒకపారి జెర ఎక్కువసేపు పట్టుకున్న. దీని కండ్లు తేలేసినయి. ఏంజేద్దును చెప్పు?"

సంపూర్ణ పసిదాన్ని చూసింది. అది వేలు నోట్లో పెట్టుకుని ఆమె కళ్ళద్దాల వైపు చెయ్యి చాపుతోంది. ఇన్నేళ్ళూ తను భయపడినవి ఒక్కటీ జరగలేదు. జరగని వాటి కోసమే ఇంతమంది నిద్ర చెడగొట్టింది. ఇక్కడ మాత్రం జరగబోయింది. కళ్ళద్దాలు తీసి పిల్ల చేతికిచ్చింది. అవి లేకపోతే ఆమెకు దుర్గ మొహం మసకగా ఉంది. అట్లాగే చెప్పింది.

"తప్పయింది దుర్గా. నీ ఇష్టం. రాకపోయినా సరే, నిన్నేమీ అనను. అన్నం మాత్రం తెచ్చిన, పిల్లలకు పెడత."

దుర్గ పసిదాని చేతిలోంచి కళ్ళద్దాలు తీసుకుని, చెంగుతో ఇసుక తుడిచి, సంపూర్ణ చెవులకు తనే తగిలించింది.

"సినిమాల మేమేం చేయాలె?"

"ఏం లేదు. ఒక పిల్ల చదువుకు పోతుంటది. మీరంతా రోడ్డు దాక సాగనంపాలె. కొంచెం ఏడ్వాలె."

"ఏడుపంత రాత్రే అయిపాయె," అంది దుర్గ. ఈసారి ఆమె నవ్వింది. వెనక్కి తిరిగి కోయలో ఏదో చెప్పింది. పొదల్లోంచి ఆడవాళ్ళు, మగవాళ్ళు, కోళ్ళను చంకన పెట్టుకున్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. పగిడయ్య గట్టు మీద నిలబడి, తను మాత్రం మొదటినుంచీ నమ్మలేదన్నట్టు గడ్డం గోక్కుంటున్నాడు.

ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతమంది రావడం చూసి సుకుమార్ ఆదరాబాదరా కెమెరా భుజానికెత్తాడు. ముందు నడుస్తున్నవాళ్ళు అది చూసి టక్కున ఆగిపోయారు. ఒకామె పిల్లను వెనక్కి లాక్కుంది.

"దించు!" అంది సంపూర్ణ. "అది ముందు వాళ్ళకు చూపియ్. లోపల ఏం కనబడుతదో చూపియ్."

"టైము లేదమ్మా, క్రిస్టోఫర్ వస్తడు."

"వస్తే నేను చెప్త. నువ్వు చూపియ్ బిడ్డా."

సుకుమార్ దించాడు. పక్కనుండే చిన్న అద్దంలాంటి తెరను తిప్పి, పిల్లలను పిలిచాడు. తెరలో తమ మొహాలు కనబడగానే పిల్లలు తోసుకున్నారు. దుర్గ మొగుడు వంగి తన మీసం చూసుకుని సవరించుకున్నాడు. ఆడవాళ్ళు అతన్ని ఏడిపించారు. సంపూర్ణ టమాటా అన్నం వడ్డించింది. చాలదేమోనని భయపడింది. చాలలేదు కూడా. దుర్గ వాళ్ళు జావ కాచారు. కడుపులో ఏదో పడ్డాకే అందరూ ఆరాధన చుట్టూ చేరారు. ఆమె నిజంగా ఎక్కడికి పోతోందో, తిండి దొరుకుతుందో లేదో అని ముసలమ్మలు అడగడం మొదలుపెట్టారు.

పొద్దు వాలింది. సుకుమార్ అందరికీ చెప్పాల్సింది చెప్పాడు. క్యాసెట్‌లో మిగిలింది ఒక్క షాటుకే సరిపోతుంది. ఊరివాళ్ళంతా ఆరాధన వెనక నడుస్తారు, వాళ్ళ ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ కెమెరాతో తను. మైకు అన్నీ పట్టేస్తుంది, అడుగుల చప్పుడుతో సహా. తర్వాత తల్లి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నువ్వు రోడ్డు మలుపు కాడ నిలబడు. బండ్లేమన్న వస్తే ఆపు. కానీ అరవొద్దే. నీ కాళ్ళు మొక్కుత."

"వెనక్కి నడుస్తవా? ఆ కల్వర్టు కాడ గుంత ఉంది—"

"అమ్మా!"

ఆమె నోరు మూసుకుని మలుపు దగ్గరికి పోయింది. అక్కడికి ఏమీ కనబడదు. చెట్ల అవతలనుంచి మాటలు మాత్రం లీలగా వినబడతాయి. "యాక్షన్" అన్న కేక వినబడింది. తర్వాత నిశ్శబ్దం. ఆ వెంటనే రోడ్డు మీద, సారపాక వైపునుంచి, మోటారు సైకిలు చప్పుడు.

క్రిస్టోఫర్.

అది మామూలు బండి కాదు, బుల్లెట్టు. దూరంనుంచే గుండెలదిరేలా మోగుతోంది. సంపూర్ణ నోరు తెరిచింది, మూసింది. అరవకూడదు. కొంగు ఊపింది. అతను చూసి, పలకరిస్తుందనుకుని తనూ చెయ్యి ఊపాడు. వేగం తగ్గలేదు. బండి కింద పడి చచ్చిన వాళ్ళందరూ ఆమె కళ్ళముందు వరుసగా నడిచారు. అయినా కాళ్ళు ఎట్లా కదిలాయో, రోడ్డు నడిమధ్యకు పోయి, రెండు చేతులూ బార్లా చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది.

చక్రాలు కర్రుమన్నాయి. దుమ్ము మొహం మీద పడింది. కళ్ళు తెరిచేసరికి ముందు చక్రం ఆమె చీర కుచ్చిళ్ళ దగ్గరుంది. ఆమె చేసిన మొదటి పని చెయ్యి చాపి తాళంచెవి తిప్పేయడం. బండి ఆగిపోయింది.

"వందనాలు ఆంటీ, ఏంది గిట్ల—"

సంపూర్ణ అతని నోరు మూసింది. కండ్లు తేలేసిన పసిపిల్ల గుర్తొచ్చి, వెంటనే చెయ్యి తీసి, పెదవుల మీద తన వేలు పెట్టుకుని చూపించింది. క్రిస్టోఫర్ బెదిరిపోయి గుసగుసగా అడిగాడు.

"ఎవరికేమైంది ఆంటీ?"

"ఏం కాలే. షూటింగ్ నడుస్తుంది."

"పెండ్లా? ఇక్కడనా?"

ఆమె అతని చెవి దగ్గరికి వంగింది. సంతలో దుర్గ చెవి దగ్గరికి వంగినట్టే. "పెండ్లి కాదు బాబూ. సినిమా."

క్రిస్టోఫర్ ఆశ్చర్యపోలేదు. హెల్మెట్టు తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు. "తెలుసు ఆంటీ, మీ నోట వినాలని అడిగిన. కెమెరా ఇచ్చిన్నాడే తెలుసు. సంఘంల అందరికి తెలుసు. పాస్టరమ్మ గారు మొన్న నన్ను అడిగిన్రు, మంచి కథనే తీస్తుండా పిల్లగాడు, అని."

"మంచి కథనే," అంది సంపూర్ణ. ఇన్నాళ్ళూ తను దాచిందేమిటో, ఎవరినుంచి దాచిందో ఆలోచించడానికి కూడా వ్యవధి దొరకలేదు. చెట్ల అవతలనుంచి ఏడుపు వినబడింది. ఒక గొంతు కాదు, నాలుగైదు గొంతులు. అందులో దుర్గది ఆమెకు తెలిసింది. నటనకు అట్లా ఏడుస్తారా? ఎవరో పడ్డారు. కల్వర్టు గుంతలో సుకుమారే పడి ఉంటాడు.

అడుగు ముందుకు పడింది. క్రిస్టోఫర్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు, అవసరం లేకపోయింది. తనంతట తనే ఆగింది. కొంగు చివర నోట్లో కుక్కుకుని, పళ్ళతో గట్టిగా పట్టి, ఆ ఏడుపు వింటూ నిలబడింది. ఏడుపు కాసేపటికి సన్నగిల్లింది. అడుగుల చప్పుడు రోడ్డు వైపు వచ్చింది. ఆగింది. పిట్ట ఏదో కూసింది.

"కట్!"

ఆ వెంటనే ఊరంతా కలిసి నవ్విన నవ్వు, కేకలు, ఎవరో ఈల వేశారు. సంపూర్ణ కొంగు నోట్లోంచి తీసింది. లోపల ఆపి పెట్టుకున్నదంతా ఒక్కసారి ఎగదన్నుకొచ్చింది.

"సుకుమారూ! వెనక్కి నడవకు కొడకా, వెనక గుంత ఉంది!"